వాన సగంలో దాడి

ఆ ఏడు వానలు పట్టుకున్న వారంలోనే మా ఇంట్లో భోజనాల బల్ల గురించి యుద్ధం మొదలైంది.

పేరుకే అది భోజనాల బల్ల. దాని మీద మేము కంచం పెట్టి ఎన్నాళ్ళయిందో ఎవరికీ గుర్తు లేదు. కంచాలు ఒళ్ళో పెట్టుకుని సోఫాలో తినేవాళ్ళం. బల్ల మీద 'రేవులు' ఉండేది.

రేవులు ఒక ఆట. బల్లంతా పరుచుకునే సముద్రం పటం, దాని అంచున రేవు పట్టణాలు, గోరంత కొయ్య ఓడలు, ధాన్యం బిళ్ళలు, ఉప్పు బిళ్ళలు, కావలి బురుజులు. ఒక్కొక్కరికీ ఒక సొంత రేవు, మిగతావి ఎవరు పట్టుకుంటే వాళ్ళవి. సరుకు తెచ్చుకోవాలి, ఆ ధాన్యం, ఉప్పుతో ఓడలు కట్టాలి, పక్కవాడి రేవు మీద కన్నేసి ఉంచాలి. ఆటలో ప్రతి ఏడాదీ రెండు ముక్కలు: ఎండ సగం, వాన సగం. సొంత రేవు పోగొట్టుకున్నవాళ్ళు ఆటలోంచి పోయినట్టే. ఒక ఆట తెమలాలంటే ఒక్కోసారి కొన్ని ఆదివారాలు పట్టేది. మధ్యలో ఎవరైనా తుమ్మితే బల్ల దగ్గర తుమ్మొద్దని కేకలు. పనిమనిషిని ఆ గది గుమ్మం దాటనిచ్చేవాళ్ళం కాదు.

దాన్ని తెచ్చింది నాన్న. ఆయన లిఫ్టుల మెకానిక్కు. పెళ్ళయిన కొత్తలో కంపెనీవాళ్ళు పరాయి దేశంలో లిఫ్టులు బిగించడానికి పంపితే, తోటివాళ్ళంతా సెంటు సీసాలూ గడియారాలూ తెచ్చుకుంటే, ఈయన బండరాయంత పెట్టె మోసుకుని దిగాడట. రూల్స్ పుస్తకం ఆ దేశపు భాషలో ఉండేది. అది నాన్నకి తప్ప మాలో ఎవరికీ రాదు. కాబట్టి నాన్న చెప్పిందే రూలు. ఆ విషయంలో ఆయన జడ్జీకంటే ఎక్కువ.

యుద్ధానికి కారణం వదిన. కళ్ళజోళ్ళ షాపులో పనిచేస్తుంది, మనిషి నిదానం, మాట సూటి. ఆమెకి అప్పుడు అయిదో నెల. మా ఫ్లాటులో గాలీ వెలుతురూ వచ్చే గది అదొక్కటే.

"ఆ గదిలో బిడ్డకి మంచం వెయ్యాలి మామయ్యగారూ," అంది.

"వేసుకో అమ్మాయ్, ఎవరు వద్దన్నారు?"

"మరి బల్ల?"

"బల్ల దాని పాటికి అది ఉంటుంది. అదేమన్నా ఏడుస్తుందా, పాలడుగుతుందా?"

అన్నయ్య మధ్యలో దూరాడు. అన్నయ్యది బస్సు టిక్కెట్ల కంపెనీలో కంప్యూటర్ పని. "నాన్నా, ఈ ఆట ఇప్పుడు ట్యాబ్లెట్‌లో కూడా వచ్చింది. అదే పటం, అవే ఓడలు. లెక్కలు అదే వేస్తుంది. బిళ్ళలు సోఫా కిందకి దొర్లిపోవు. రూల్స్ కూడా మనకర్థమయ్యే భాషలోనే ఉన్నాయి."

నాన్న వాడిని ఎగాదిగా చూశాడు. "గాజు పలక మీద వేలు రాయడం కూడా ఆటేనట్రా? ఓడని చేత్తో పట్టుకుని జరిపితే దానికో బరువుంటుంది. జరిపే ముందు ఎదుటివాడి మొహం చూస్తాం. నీ పలకకి మొహం ఉందా?"

నేను నాన్న వైపే. ఫిజియోథెరపిస్టుని. పొద్దస్తమానం మనుషుల భుజాలూ మోకాళ్ళూ చేత్తో పట్టుకుని చూసేదాన్ని, నాకు కూడా చేతికి తగిలేదే ఆట. ఇంట్లో నా ముద్దుపేరు పిడుగు. ఆ పేరు నిలబెట్టుకుంటూ గట్టిగానే వాదించాను. అన్నయ్యా వదినా ఒక పక్క, నాన్నా నేనూ ఒక పక్క. మిగిలింది అమ్మ.

అమ్మ ఆసుపత్రి మందుల స్టోరులో పనిచేసేది. రేవుల్లో ఎప్పుడూ నడిమి స్థానం ఆమెది. పైకి తేలదు, కిందకి మునగదు. ఆ మాట మేమంటే ఆమె కూడా నవ్వేది.

"నాకేదైనా ఒకటే," అంది అమ్మ. "ఈ వానలు అయ్యేదాకా అదీ ఇదీ రెండూ ఆడి చూద్దాం. నా ఓటు అప్పుడు చెప్తాను."

"ఏముంది చూడ్డానికి?" అన్నాడు నాన్న, గెలిచేసినట్టే.

ఆ ఆదివారం మధ్యాహ్నం బయట కుండపోత. వీధి దీపం స్తంభం కూడా కనపడనంత వాన. అన్నయ్య టీవీ మీద పటం పెట్టి అందరి చేతుల్లో ఒక్కో ట్యాబ్లెట్ పెట్టాడు, ఆఫీసులోవి అడిగి తెచ్చాడు. వదిన సోఫాలో కాళ్ళు చాపుకుని కూర్చుంది. నాన్న కళ్ళజోడు నుదుటి మీదకి నెట్టి, మళ్ళీ కిందకి దించి, గాజు పలకని పాముని పట్టుకున్నట్టు పట్టుకున్నాడు.

ఒప్పుకోవాలి, ఆట జోరుగా సాగింది. బల్ల మీదైతే ఒక పూట పట్టే ఎండ సగం టీ చల్లారేలోపే అయిపోయింది. నాన్న కూడా ఒకటి రెండుసార్లు "ఊఁ, ఫర్వాలేదే" అని, అన్నది గుర్తొచ్చి గొంతు సవరించుకున్నాడు.

వాన సగం వచ్చింది. మా ఇంట్లో వాన సగం అంటే కాస్త ఊపిరి పీల్చుకునే వేళ. రేవుల్లో 'ఆశ్రయం' అని ఒక రూలుంది. అందరికంటే తక్కువ ఓడలున్నవాళ్ళ రేవు మీద వాన సగంలో ఎవరూ దాడి చెయ్యకూడదు. మేము పుట్టినప్పటి నుంచీ విన్న రూలది. అమ్మ ఓడలు ఎప్పుడూ తక్కువే, కాబట్టి వాన సగం అమ్మకి ఆటవిడుపు.

"ఇదేంటి, అత్తయ్య రేవు ఎర్రగా మెరుస్తోంది?" అంది వదిన.

"నొక్కి చూడు," అన్నాడు అన్నయ్య.

వదిన నొక్కింది. టీవీలో నీళ్ళు చిలికిన చప్పుడైంది. వదిన ఓడలు వరసగా వెళ్ళి అమ్మ రేవులో ఆగాయి. జెండా రంగు మారింది. అమ్మ ట్యాబ్లెట్ మీద తెల్లటి అక్షరాలు: మీ రేవు పోయింది. మీ ఆట ముగిసింది.

అమ్మ తెర వంక చూసింది. తరవాత అందరి వంకా చూసింది. "వాన సగంలో కొట్టకూడదు కదా?"

"తెలివిలేని యంత్రం," అన్నాడు నాన్న వెంటనే. "చెప్పానా, దీన్ని నమ్మకండని?"

అన్నయ్య అప్పటికే రూల్స్ తెరిచి వేలితో పైకి నెడుతున్నాడు. "వాన సగంలో ఓడల వేగం తగ్గుతుందని ఉంది. దాడి చెయ్యకూడదని మాత్రం ఎక్కడా లేదు నాన్నా. ఆశ్రయం అన్న మాటే లేదు."

"పాత పెట్టెలో వేరే ఉంటుంది."

"పాత పెట్టెదీ ఇందులో పెట్టారు. ఏ ఏటికి ఏం మార్చారో కూడా రాశారు. ఇది ఎప్పుడూ లేదు."

నాన్న కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడవడం మొదలుపెట్టాడు. తుడవడానికి దాని మీద ఏమీ లేదు.

"టీ పెట్టనా అందరికీ?" అన్నాడు.

జన్మలో ఆయన టీ పెట్టిన పాపాన పోలేదు.

"ఆగండి," అంది అమ్మ. "ఆ రూలు ఎక్కణ్ణుంచి వచ్చింది?"

నాన్న కళ్ళజోడు పెట్టుకున్నాడు. "నేనే పెట్టాను."

"ఎప్పుడు?"

"నువ్వు మొదటిసారి ఆడినప్పుడు. ఆట మొదలవగానే పోయావు. లేచి వంటింట్లోకి వెళ్ళి గిన్నెలు ముందేసుకున్నావు. నేనూ మా తమ్ముడూ ఇక్కడ ఆడుకుంటున్నాం. ఆ గిన్నెల చప్పుడు వింటూ ఆడబుద్ధి కాలేదు నాకు. తరవాతి వారం ఇలా ఒక రూలుందని చెప్పాను. నువ్వు బల్ల దగ్గర ఉండాలి, అంతే. ఇంకేం లేదు అందులో."

వదిన చీర చెంగు ముక్కు దగ్గర పెట్టుకుంది. ఇన్నేళ్ళ కాపురంలో ఇంత మాట నాన్న నోటి వెంట మేము వినలేదు. అమ్మ కరిగిపోతుందనుకున్నాను.

అమ్మ కరగలేదు.

"ఆ తరవాత నేనెప్పుడూ ఓడిపోలేదనుకున్నాను," అంది, చాలా మామూలుగా. "మీరు ఓడిపోనివ్వలేదన్నమాట."

"అయ్యో అత్తయ్యా, నేను చూసుకోకుండా నొక్కేశాను," అంది వదిన.

"నువ్వు నొక్కిందే సరైన ఎత్తు అమ్మాయ్. ఈ ఇంట్లో నాతో నిజంగా ఆడింది నువ్వొక్కదానివే." ట్యాబ్లెట్ అన్నయ్య వైపు చాపింది. "మళ్ళీ మొదలుపెట్టరా. ఈసారి ఉన్న రూల్స్‌తో."

ఆ ఆటలో కూడా అమ్మ పోయింది. ఆ తరవాతి ఆటలో కూడా. మూతి ముడుచుకోలేదు. తెరని కళ్ళకి దగ్గరగా పెట్టుకుని, ఎక్కడ దెబ్బ తిన్నదో వేలితో వెనక్కి జరుపుకుంటూ చూసుకుంది.

అప్పటి నుంచి అమ్మ చేతిలో ట్యాబ్లెట్ దిగలేదు. పొయ్యి మీద కుక్కరు ఉడుకుతుంటే గట్టు మీద ట్యాబ్లెట్. ఆసుపత్రికి వెళ్ళే బస్సులో ట్యాబ్లెట్. ఎక్కడెక్కడి వాళ్ళో, ముక్కూ మొహం తెలియనివాళ్ళు, ఆమెతో ఆడేవాళ్ళు. వాళ్ళకి ఈమె ఎవరి భార్యో ఎవరి తల్లో తెలియదు. అందుకని కనికరం లేకుండా కొట్టేవాళ్ళు. అమ్మ ఇంటికొచ్చి చెప్పుల స్టాండు దగ్గరే మొదలుపెట్టేది: "ఇవాళ ఒకడు నా ధాన్యం ఓడలన్నీ ముంచేశాడు పిడుగూ! ఎంత బాగా ముంచాడనుకున్నావు!"

అమ్మకి కుడి భుజం నొప్పి. స్టోరులో అట్టపెట్టెలు దించీ ఎక్కించీ వచ్చింది. పొద్దున్నే నేను పనికి వెళ్ళే ముందు ఆ భుజం సవరదీసేదాన్ని. ఒక పొద్దున అలా పట్టుకుని ఉండగా, ఎడం చేత్తో ఓడలు జరుపుతూ అంది:

"నేనెప్పుడూ బురుజులు కట్టలేదు, గమనించావా?"

"అవును. నాన్న ఎగతాళి చేసేవాడు కూడా, గోడ లేని ఊరని."

"వానలో ఎవరూ రారని ముందే తెలిస్తే గోడ ఎవరు కడతారు? కట్టాలన్న ఆలోచనే రాలేదు నాకు. బుర్ర లేక కాదు. అవసరం పడనివ్వలేదు."

నా వేళ్ళ కింద ఆమె భుజం బిగుసుకుంది. వదులు చెయ్యమన్నాను. భుజం దించి మళ్ళీ అంది:

"ఏటి అవతల కొత్త ఆసుపత్రి కట్టారు చూశావా, అక్కడి స్టోరుకి ఇన్‌ఛార్జిగా వెళ్ళమని పోయినేడే అడిగారు నన్ను."

నాకు తెలియదు. ఇంట్లో ఎవరికీ తెలియదు, నాన్నకి తప్ప.

"మీ నాన్న అన్నారు, ఎందుకా బరువు నీకు, ఉన్నచోట హాయిగా ఉందిగా అని. నిజమే, హాయిగానే ఉంది." తెర మీద ఏదో నొక్కింది. "ఇంకా ఎవరినీ తీసుకోలేదట. నిన్న కనుక్కున్నాను."

"మరి?"

"మరేముంది, వస్తానని చెప్పేశాను. కాస్త కింద నొక్కు, అక్కడే పట్టేసింది."

భోజనాల దగ్గర ఆ సంగతి చెప్పినప్పుడు నాన్న చేతిలో ముద్ద ఆగిపోయింది.

"ఏటికి అవతలా? రెండు బస్సులు మారాలి."

"మారతాను."

"ఈ వానల్లోనా?"

"వానల్లోనే."

"అక్కడ అంతమంది మీద పెత్తనం, ఎవరు తప్పు చేసినా నీ మెడకే. అదంతా నీకెందుకు? నేను చెప్పేది నీ మంచికే."

"నా మంచికేనని తెలుసు," అంది అమ్మ. "అందుకే ఇన్నాళ్ళూ విన్నాను." కూర గిన్నె ఆయన వైపు జరిపింది. "ఇంకొంచెం వేసుకోండి."

రెండు రోజులు నాన్న ఇంట్లో పిల్లిలా తిరిగాడు. మూడో రోజు సాయంత్రం గొడుగు పట్టుకుని ఎటో వెళ్ళి, తడిసి ముద్దయి వచ్చాడు. ఎక్కడికి వెళ్ళావంటే చెప్పలేదు. బట్టలు మార్చుకుని వచ్చి, ఎవరినీ కాకుండా గోడని చూస్తూ, "రెండో బస్సు ఎక్కేచోట నిలబడడానికి రేకుల షెడ్డు ఉందిలే," అన్నాడు.

అమ్మ నవ్వు ఆపుకుంది. ఆ ఆపుకోవడం నేను చూశాను.

వానలు వెనకపట్టు పట్టాక, ఓటుకి ముందు, బల్ల మీద చివరి ఆట పెట్టాం. నాన్న ముందు రోజే ఒక్కో ఓడనీ మెత్తటి గుడ్డతో తుడిచి మెరిపించాడు. పటం మడతల దగ్గర ఇస్త్రీ చేసినంత పని చేశాడు. తన వకాల్తా అంతా ఆ మెరుపులో చూపించాలని ఆయన తాపత్రయం. ఆ గదిలో పాత కొయ్య వాసన, కిటికీలోంచి తడి వెలుగు, అందరి మోచేతులూ ఒకదానికొకటి తగులుతూ... నా ఓటు మారే ప్రసక్తే లేదనుకున్నాను. వదిన కూడా ఒక చిన్న ఓడని అరచేతిలో పెట్టుకుని, "ఇవి చూస్తే ముద్దొస్తున్నాయి," అంది.

"ఆశ్రయం లేదు. అందరికీ తెలుసుగా?" అంది అమ్మ కూర్చుంటూనే.

"తెలుసు," అన్నాడు నాన్న.

అమ్మ ముందుగా రెండు బురుజులు కట్టింది. నాన్న కనుబొమలు ఎగరేశాడు. అమ్మ పట్టించుకోలేదు. ఆమె ఆడే తీరే మారిపోయింది. ఇదివరకు ఎవరు ఏం చేస్తారో చూసి చేసేది. ఇప్పుడు తను చేసేది చేసి, మేము ఏం చేస్తామో చూస్తోంది.

నాన్న ఎప్పటిలాగే సాహసం చేశాడు. ఓడలన్నీ కూడగట్టి అన్నయ్య రేవు మీదకి పంపాడు. అన్నయ్య చావుతప్పి కన్ను లొట్టబోయినట్టు బయటపడ్డాడు కానీ, నాన్న ఓడలు సగానికి సగం పోయాయి. వాన సగం మొదలయ్యేసరికి బల్ల మీద అందరికంటే తక్కువ ఓడలు నాన్నవి. ఆయన సొంత రేవైన ఉప్పు రేవుకి ఎదురుగా, అరచెయ్యంత నీళ్ళకి ఇవతల, అమ్మ ఓడలు.

అమ్మ వంతు వచ్చింది. చెయ్యి ఓడల మీద పెట్టి తలెత్తి నాన్నని చూసింది. నాన్న కూడా చూశాడు. వదిలెయ్యమని ఆ చూపులో లేదు. ఏం చేస్తుందో చూద్దామన్నట్టు ఉంది.

అమ్మ ఒక్కో ఓడనీ ఎత్తి, నిదానంగా, వరసగా ఉప్పు రేవులో పెట్టింది. నాన్న జెండా తీసి ఆయన చేతికి ఇచ్చింది.

నాన్న జెండాని వేళ్ళ మధ్య ఒకసారి తిప్పి చూసుకుని, కుర్చీ వెనక్కి జరిపి లేచాడు.

"ఎక్కడికి?" అంది అమ్మ.

"పోయానుగా."

"పోతే? కూర్చోండి. ఇలా నా పక్కకి రండి. వీడి సంగతి ఎలా చూస్తానో చూద్దురుగాని."

నాన్న కుర్చీ లాక్కుని అమ్మ పక్కన కూర్చున్నాడు. కూర్చున్నవాడు ఊరుకోడుగా. "ఆ మూల నుంచి వెళ్ళు," అని గొణిగాడు. "మాట్లాడకండి," అంది అమ్మ. ఆయన నోరు మూసుకున్నాడు. ఆ పూట మిగిలినంతసేపూ మూసుకునే ఉన్నాడు, ఆయనకి అది ఎంత కష్టమో మాకు తెలుసు. సాయంత్రం దీపాలు వేసే వేళకి పటం మీద అమ్మ జెండాలే ఉన్నాయి.

అన్నయ్య చేతులెత్తేసి, "సరే, ఓటు," అన్నాడు నీరసంగా. ఇంత చక్కటి ఆట తరవాత ఎవరైనా ఏం చెప్తారో వాడికీ తెలుసు.

"ట్యాబ్లెట్," అంది అమ్మ.

నేను తప్పు విన్నాననుకున్నాను. నాన్న తెల్లబోయాడు. "ఇంత బాగా గెలిచి కూడానా?"

"బాగా గెలిచాను. చాలా బాగుంది. కానీ ఇక్కడ ఆడాలంటే అందరికీ ఒకేసారి తీరిక దొరకాలి. వచ్చే వారం నుంచి నా తీరిక నా చేతిలో ఉండదు. ఆదివారాలు కూడా డ్యూటీ పడుతుంది. అమ్మాయికి బిడ్డ పుడితే దానికీ తీరదు. ఇక్కడ మీ ముగ్గురే మిగులుతారు. అందులో అయితే బస్సులో కూర్చుని నా ఎత్తు నేను వేస్తాను, మీకు కుదిరినప్పుడు మీది మీరు వెయ్యండి." నాన్న వైపు తిరిగి అంది, "నేను బల్ల దగ్గర ఉండాలన్నారుగా. ఉండాలంటే అదే దారి."

నేను వాదిద్దామనుకున్నాను, కానీ ఆమె చెప్పింది సరిగ్గా ఉంది. నాన్న ముందుగా ఓడలు ఏరి రంగు రంగుకీ విడదీశాడు. బిళ్ళలు సంచుల్లో పోశాడు. పటం మడిచేటప్పుడు మాత్రం నన్ను రెండో కొస పట్టుకోమన్నాడు. పెట్టె అటక మీదకి ఎక్కించి దిగి, చేతులు దులుపుకుని, "ఆ పలక ఇలా ఇవ్వరా," అన్నాడు అన్నయ్యతో. "బురుజు ఎక్కడ నొక్కితే కడుతుంది ఇది?"

ఆ గదిలో మంచం పడింది. వానలు పూర్తిగా వెలిశాక వదినకి ఆడపిల్ల పుట్టింది. అమ్మ రెండు బస్సులు మారి ఏటి అవతలకి వెళ్తోంది. మొదటి నెల అలిసిపోయి వచ్చేది, రెండో నెల నుంచి కబుర్లు మోసుకొచ్చేది.

ఒకరోజు నేను క్లినిక్‌లో ఒక పెద్దాయన మోకాలు వంచుతుండగా ఫోను మోగింది. నాన్న. పనివేళల్లో ఆయన ఎప్పుడూ చెయ్యడు. కంగారుగా ఎత్తాను.

"మీ అమ్మ నా తూర్పు రేవు పట్టేసింది!" ఆయన ఎక్కడో మేడ మీద, లిఫ్టు మోటార్ల గదిలో ఉన్నట్టున్నాడు, గొంతు ఖంగుమంటోంది. "బస్సులోంచి! ఇప్పుడే డబ్బా తెరిచి అన్నం తినబోతుంటే ఫోను మోగింది. చూస్తే రేవు లేదు!"

మనవరాలు పుట్టిన రోజున కూడా ఆయన గొంతులో అంత సంతోషం వినలేదు నేను.

"ఎలా కొట్టింది?"

"ఎలాగేమిటే, రెండు వారాల నుంచి ఉప్పు కొంటుంటే దేనికో అనుకున్నాను. దీనికి! అబ్బ, ఏం ఆడుతోందే మీ అమ్మ!"

"ఆ మాట అమ్మకే చెప్పొచ్చుగా నాన్నా."

"చెప్తాను, చెప్తాను," అన్నాడు. "ముందు నా రేవు నేను వెనక్కి తెచ్చుకోనీ."